దీపం ఆరినంక మిగిలిన గాలి

మార్చి 4, 1971

వరంగల్ నుంచి సారు ఉత్తరం, ఎమ్మెస్సీల నాకు పాఠం చెప్పిన సారు. సొంత చేతిరాతే, టైపు కాదు. "పన్నెండున మీ బడికి ప్రాక్టికల్స్ ఎగ్జామినర్‌గా వస్తున్నాను. నువ్వు రాసి పంపిన ప్రయోగం కంటికి చూపించు. చూపిస్తే రీసెర్చి సీటు నీదే. లేకపోతే నీ పేరు తీసేసి ఇంకొకరికి ఇస్తాను. మే ఒకటిన జాబితా పోతుంది."

మూడేండ్ల నుంచి ఆ జాబితాల నా పేరు ఉన్నది. పెండ్లయి గోదావరిఖని వచ్చి బడిల పంతులమ్మనయినంక కూడ తియ్యలేదు ఆయన. ఇప్పుడు తీస్తడట. తియ్యనియ్యను.

బావకు చదివి వినిపించిన. అన్నం కలుపుకుంట "చూపిస్తే అయిపాయె గద" అన్నడు. మేనబావను చేసుకుంటె గింతే, దేనికీ ఫికర్ ఉండదు ఈయనకు. బొగ్గు బాయిల సర్దారు, దీపంతోటి గాలి చూసి మందిని లోపలికి పంపెటోనికి ఇంత నిమ్మళం ఎక్కడిదో.

మార్చి 5

"ఇంతకు ఏందది?" అన్నడు బావ పొద్దున, బూట్లు తొడుక్కుంట.

ఆకుపచ్చ వెలుగు లోపలికి పోవాలె, నీలం వెలుగు బయటికి రావాలె. గంతే.

"రంగునీళ్ళు గద. దాంట్ల ఏమున్నది."

కాదు బావా. ఆకుపచ్చ కంటె నీలానికి బలం ఎక్కువ. తక్కువ పెట్టి ఎక్కువ తియ్యాలె.

"దొంగతనమా మరి?"

తట్టలు గీసి చెప్పిన. ఇయోసిన్ అని ఎర్ర రంగు — వెలుగు పట్టుకొని సగం తట్ట నింపుతది. ఆంత్రసీన్ ఆ సగం తట్ట నెత్తికెత్తుకుంటది. గట్ల ఎత్తుకొని తిరిగే హాలత్‌కు ట్రిప్లెట్ అని పేరు. తొందరగ కింద పెట్టది, మోస్తనే తిరుగుతది. తిరుగుతుంటె దానిలెక్కదే ఇంకోటి ఎదురైతె — ఒకటి తన సగం రెండోదాని తట్టల కుమ్మరిస్తది. ఖాళీ అయినది ఇంటికి పోతది. నిండినది పైకెక్కి నీలం వెలుగు ఇస్తది. ఎన్ని తట్టలు ఎదురుపడ్తయో గంత వెలుగు.

బావ ఒక బూటు తొడిగి ఆగిండు. "దారిల ఎవడన్న తట్ట గుంజుకుంటె?"

ఎమ్మెస్సీ క్లాసుల ఒక్కలు అడగలేదు ఈ మాట. గుంజుకునేది ఆక్సిజన్. జర గాలి ఉన్నా అంతా పాయె.

"అంటె గాలి లేని జాగ కావాలె నీకు. మా దగ్గర మస్తుగున్నది."

మార్చి 6

దవాఖాన ల్యాబుల రక్తం స్లైడ్లకు వాడే ఇయోసిన్ అడిగిన. చిటికెడు పొట్లం కట్టిచ్చిన్రు. ఆంత్రసీన్ బడి బీరువల ఉన్నది, ఎన్నేండ్ల కిందిదో. సీసా మీద బొంబాయి చిరునామ. బొగ్గు తారుల నుంచి తీసే సరుకు, బొగ్గు మీద బతికే ఊరికి బొంబాయి నుంచి రావాలె...

పసుపు కొడుతున్నది. పనికిరాదు. వేరే సరుకు కలిసి ఉన్నది దాంట్ల — అది తట్టలన్ని మింగి కూసుంటది.

మార్చి 7

ఆదివారం. బడి తాళం నా దగ్గర. గిన్నెల ఆంత్రసీన్ పోసి, మీద గరాటు బోర్లించి, సన్నమంట మీద పెట్టిన. ఆవిరై పైకి లేచి గరాటుకు అంటుకున్నది, తెల్లగ, పలచగ. మళ్ళ పెట్టిన. మూడోసారికి పసుపు మాయం. ఎండల పెడితే ఊదా నీలం మెరుపు. ఇంత మంచిగ వస్తదని నాకే తెల్వదు. తెలుసు, అబద్ధం ఎందుకు.

మార్చి 9

ఇయోసిన్, ఆంత్రసీన్ ఆల్కహాల్‌ల కరిగించి గాజు ట్యూబుల పోసిన. ల్యాబు కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన. ఒక్కటే రంధ్రం. బయట అద్దం పెట్టి ఎండను ఆ రంధ్రంలకు మళ్ళిస్తే భూతద్దం దాన్ని ట్యూబు మీద చుక్కలెక్క పడేస్తది. రంధ్రం ముందట పొటాషియం క్రోమేట్ నీళ్ళ చదరపు సీసా. పసుపు నీళ్ళు — ఆకుపచ్చను రానిస్తయి, నీలాన్ని లోపలికి రానియ్యవు. కంటి ముందట మైలుతుత్తం నీళ్ళల అమ్మోనియా పోసిన సీసా. ముదురు నీలం — నీలాన్ని తప్ప దేన్నీ బయటికి పోనియ్యదు.

రెండు సీసాలు ఒకదాని ఎనుక ఒకటి పెట్టి సూర్యుని దిక్కు చూసిన. కారునలుపు. ఇంక దీంట్ల నీలం కనబడ్డదంటె అది ట్యూబుల పుట్టిందే. ఎవ్వరు కాదనలేరు.

మార్చి 10

వెంటిలేషన్ ఆఫీసరును అడిగి బావ గాలి తెచ్చిండు. ఎన్నడో పని అయిపోయి గోడ కట్టి మూసిన జాగ ఉన్నది బాయిల, ఆ గోడల పైపు ఉన్నది. దాని నుంచి ఫుట్‌బాల్ బ్లాడర్ నిండ పట్టిండు.

"దీపం పెట్టి చూసిన. పైపు దగ్గరికి పోంగనె పుసుక్కున ఆరింది. సుక్క గాలి లేదు సరోజా."

చాలు. నాయిన కూడ బెల్లంపల్లి బాయిల దీపం పట్టిన మనిషే. దీపం ఆరితె గాలి లేదు — అవ్వ అన్నం తినిపించుకుంట చెప్పిన మాట.

బడి ఎనుక ఖాళీ జాగల, గాలికి ఎదురు నిలబడకుండ, బ్లాడర్ గాలిని సన్నగొట్టం తోటి ట్యూబుల బుడగలు బుడగలుగ పంపిన, మందుల ఉన్న ఆక్సిజన్ ఎల్లిపోవాలెనని. విషగాలి ఉంటదని బావ నన్ను మొఖం దగ్గర పెట్టనియ్యలేదు. బిరడా బిగించిన.

మార్చి 11

చూసిన. లోపలికి పోయి తలుపేసి, నీలం సీసాల నుంచి చూసిన. ఏదో ఉన్నట్టే ఉన్నది. ఎండ అప్పటికే వాలింది. రేపు మిట్ట మధ్యాహ్నం పెడ్త.

మార్చి 12

సారు వచ్చిండు. పిల్లల ప్రాక్టికల్స్ అయినంక ఒంటిగంటకు చీకటి గదిలకు తీసుకపోయిన. ఎండ మస్తుగున్నది. ఆయన సీసాకు కన్ను ఆనించి చూసిండు. రెండు నిమిషాలు.

"ఏమీ లేదమ్మా."

నేను చూసిన. ఏమి లేదు. నలుపు.

అయినా నోట్ల నుంచి వచ్చింది — "నాకు కనబడుతున్నది సార్, లైట్‌గ."

ఆయన లేచిండు. కోపం లేదు మాటల. "కళ్ళు ఏం చూడాలనుకుంటే అదే చూస్తాయమ్మా. నాకైతే చీకటే కనిపించింది." చాయ తాగి, పిల్లల పేపర్లు కట్ట కట్టుకొని బస్సెక్కిండు. జాబితా సంగతి ఎత్తలేదు. ఎత్తకపోవుడే ఎత్తినట్టు.

కనబడలేదు నాకు. ఇక్కడన్న నిజం రాస్త. కనబడలేదు, కనబడ్డదని చెప్పిన.

మార్చి 13

వంట చేసిన. బడికి పోయిన.

మార్చి 20

లెక్కలు మళ్ళ చేసిన. ఇయోసిన్ కరెక్టు. ఆంత్రసీన్ కరెక్టు, గంత తెల్లగ చేసిన. ఎండ కరెక్టు. సీసాలు కరెక్టు. గాలి లేదు. అన్నీ కరెక్టయితె వెలుగు ఎందుకు లేదు?

పుస్తకం తప్పు కాదు. నేను తప్పు కాదు. ఏదో ఒకటి అబద్ధమాడుతున్నది. నేనొక్కసారి ఆడిన, అది లెక్కల లేదు.

మార్చి 28

ఆదివారం. బావకు సెలవు. అన్నం ముందట కూసోని ముచ్చట పెట్టిండు, పాత ముచ్చటే — బాయిల చేరిన కొత్తల దీపం పట్టుకొని ఒక మూలకు పోయిండట. దీపం ఆరింది. "చీకట్ల గోడ తడుముకుంట తిరిగొచ్చిన. దమ్ము పట్టింది, తల తిరిగింది. అయినా యాభై గజాలు నడిచి బయటపడ్డ."

వందసార్లు విన్న ముచ్చట. ఇయ్యాల చెయ్యి కంచంల ఆగిపోయింది.

"ఎట్ల నడిచినవ్ బావా?"

"కాళ్ళతోటి."

"గాలి లేకుంటె ఎట్ల నడిచినవ్? దీపం ఆరింది అంటివి గద."

బావ నోట్ల ముద్ద పెట్టుకోబోయి ఆపిండు. "...దీపానికి చాలలేదు. నాకు చాలింది."

దీపానికి చాలలేదు. గంతే. దీపం ఆరుడు అంటె గాలి అయిపోవుడు కాదు, దీపానికి సరిపోకపోవుడు. మనిషికి అది చాలు. ఆక్సిజన్‌కు తట్ట గుంజుకోనికి దాంట్ల వెయ్యోవంతు చాలు. బ్లాడర్ నిండ దొంగలను నింపుకొచ్చి సారు ముందట పెట్టిన.

నాకు ఎమ్మెస్సీ వచ్చింది గని అవ్వ మాట నోట్ల నుంచి పోలేదు. ఇరవయ్యారేండ్ల ఆడది, క్లాసుల పిల్లలకు ఆక్సిజన్ పాఠం చెప్పే ఆడది. నా మీద నాకే మండుతున్నది. సంతోషం కూడ అయితున్నది, అదే ఎక్కువ. తప్పు దొరికింది.

మార్చి 29

బాయి గ్యాస్ ల్యాబుల పని చేసే యూసుఫ్ భాయ్‌ది మా లైన్ల నాలుగో క్వార్టర్. బ్లాడర్‌ల మిగిలింది ఇచ్చి కొలవమన్న. సాయంత్రం చీటి తెచ్చిండు. ఆక్సిజన్ నూటికి తొమ్మిది పాళ్ళు.

"దీపం ఆరింది భాయ్ దీనికి."

"దీపం పదహారుకే ఆరుతది బేటీ. బాయిల అందరు గిట్లనే అంటరు. మా రిజిస్టర్ ఎవరు చూస్తరు?" అని నవ్విండు. "ఆక్సిజన్ తీసెయ్యాలె అంటె చెప్పు, నేను రోజు చేసేది అదే పని."

నిజమే. గాలిల ఆక్సిజన్ ఎంతున్నదో ఆయన కొలిచేదే పైరోగాలాల్ నల్లనీళ్ళ తోటి — అది ఆక్సిజన్‌ను తాగేస్తది, తగ్గినంత లెక్క. మన ఊర్ల, మన లైన్ల, నాలుగు ఇండ్ల అవతల ఉన్నది నాకు కావల్సిన వస్తువు. నేను దీపం దగ్గరికి పోయిన.

ఏప్రిల్ 3

ఆఫీసరు సంతకం అయ్యింది. బావ కొత్త బ్లాడర్ తెచ్చిండు. యూసుఫ్ భాయ్ గాలిని నల్లనీళ్ళల ఒకసారి కాదు, నాలుగుసార్లు అటు ఇటు నడిపించిండు. కొలిచిండు. నీళ్ళ మట్టం కదలలేదు అన్నట్టు తల ఊపిండు. "నా దగ్గర గిది సున్నా. నీ దగ్గర సున్నా అవునో కాదో నాకు తెల్వదు." మంచి మాట. రాసిపెట్టుకున్న.

ఆల్కహాల్‌ను ముందే కాచి చల్లార్చిన, దాంట్ల కరిగిన గాలి పోవాలెనని. అరగంట బుడగలు పంపినం.

బిరడా నేను పెట్టబోతుంటె బావ ఆపిండు. "ఒక్క బిరడా నిలవదు. మేం గోడ గట్ల కట్టం." రెండు బిరడాలు పెట్టి, నడుమ కొవ్వొత్తి మైనం కరిగించి పోసిండు. బాయిల గూడ రెండు గోడలు, నడుమ మట్టి. ఈసారి బాయి మాట విన్న. ఇది కొలిచిన మాట కాదు గని కట్టిన మాట.

ఏప్రిల్ 6

చూసిన. నలుపు.

కనబడలేదు అని రాస్తున్న. అట్లనే రాస్త ఇక మీద.

ఏప్రిల్ 8

బావ ఫస్ట్ షిఫ్టు దిగి తిన్నగ బడికే వచ్చిండు, మొఖాన బొగ్గుతోటి. "నేను చూస్త."

పో, రెండు నిమిషాలు చూసి రా అన్న. లోపలికి పోయిండు. రాడు. ఐదు నిమిషాలు. పది. తలుపు కొట్టిన.

"ఆగు. కండ్లు కుదురుకోనియ్యి."

బాయి దిగినంక కింద ఒక జాగ ఉంటదట, పైనుంచి వచ్చినోళ్ళు అక్కడ కూసోవాలె, ఎండ కండ్ల నుంచి పోయేదాక. కూసోకుండ ముందుకు పోతె సర్దారు తిడతడు. తిట్టెటోడు ఈయనే. నేను ఎండల నుంచి లోపలికి పోయి, రెండు నిమిషాలు చూసి, లేదు అని రాసుకుంటున్న.

ఇరవై నిమిషాలకు లోపల నుంచి మెల్లగ అన్నడు — "ఉన్నది."

"ఏమున్నది?"

"ఊదా నీలం. చుక్కంత. నీ ఆంత్రసీన్ ఎండల మెరిసిన రంగే."

నేను బయట అద్దం పట్టుకొని నిలబడ్డ. ఏడుపు వచ్చింది. ఎంటనే అనుమానం వచ్చింది. ఈయనకు నేనంటె పానం. నేను దిగులుగ ఉంటె చూడలేడు. కండ్లు ఏం చూడాలనుకుంటె అదే చూస్తయి...

ఏప్రిల్ 9

అడిగిన. నా కోసం చెప్తున్నవా అని.

అన్నం ముందట పెట్టుకొని తినలేదు. "దీపం చూసి నూరు మందిని లోపలికి పంపెటోన్ని. నా కంటిని అడుగుతున్నవా నువ్వు?"

నీ కంటిని నమ్ముత. సారు నమ్మాలె గద, అన్న. నేను కనబడిందని అబద్ధం చెప్పిన సంగతి అప్పుడు చెప్పిన. ఇన్ని రోజులు ఈయనకు కూడ చెప్పలేదు.

"అయితె పరీక్ష పెట్టు" అన్నడు.

ఏప్రిల్ 11

రెండు ట్యూబులు. రెండిట్ల అదే మందు, అదే బిరడాలు, అదే మైనం. ఒకదాంట్ల మామూలు గాలి, ఇంకోదాంట్ల యూసుఫ్ భాయ్ గాలి. అడుగున గుర్తు, దాని మీద నల్లకాగితం. డబ్బాల నుంచి చీటి తీసి, చీటి ప్రకారం ట్యూబు పెట్టుడు యూసుఫ్ భాయ్ పని. అద్దం పట్టుడు నా పని. చెప్పుడు బావ పని. ముగ్గుర్ల ఒకరి మొఖం ఒకరికి కనబడకుండ గుడ్డ కట్టినం.

పన్నెండు సార్లు. పదకొండు కరెక్టు.

తప్పింది ఏడోది. అప్పుడు సూర్యునికి మబ్బు అడ్డం వచ్చింది, నాకు బయట తెలుసు, ఆయనకు లోపల తెల్వదు. "లేదు" అన్నడు. ఉన్నది పెట్టినా లేదన్నడు. నా కోసం చెప్పే మనిషి అయితె ఉన్నదనే అంటుండె. ఆ ఒక్క తప్పు నాకు పదకొండు ఒప్పుల కంటె ఎక్కువ.

ఈయన మీద ఎంత ప్రేమ పుట్టిందో రాస్తె సిగ్గు. రాసేసిన. ఎవలు చదువుతరు.

తర్వాత నేను కూసున్న. ఇరవై నిమిషాలు, కండ్లు మూసుకొని, బయట బావ అద్దం పట్టుకున్నడు. కండ్లు తెరిచిన. ముందు ఏం లేదు. తిన్నగ చూడకుండ జర పక్కకు చూడమన్నడు బావ, బాయిల గట్లనే చూస్తరట. చూసిన.

ఉన్నది.

ఏప్రిల్ 14

భూతద్దం సగం అట్టముక్కతోటి మూసిన. వెలుగు సగం అయితె నీలం సగం కావద్దు, పావు కావాలె — తట్టలు సగమైతె ఎదురుపడుడు పావే అయితది. నీలం చాన పడిపోయింది, సగానికి తక్కువే. పావా కాదా అంటె కంటితోటి చెప్పలేను. చెప్పలేను అనే సారుకు రాసిన. మొత్తం రాసిన ఉత్తరంల — తొమ్మిది పాళ్ళు, నల్లనీళ్ళు, రెండు బిరడాలు, ఏడోసారి మబ్బు. మార్చి పన్నెండున నాకు కనబడలేదు, కనబడిందని చెప్పిన, తప్పయింది — అది కూడ.

బావ పోస్టు డబ్బల ఏసి వచ్చిండు.

ఏప్రిల్ 20

జవాబు లేదు. జాబితాకు ఇంక పదకొండు రోజులు. ట్యూబు చూసిన, వెలుగు జర తగ్గింది గని నిలిచింది. గోడ మంచిగ కట్టిండు.

ఏప్రిల్ 22

కార్డు వచ్చింది. "ఇరవై ఆరున రా. ట్యూబులు తీసుకురా. ఎండ కూడా నువ్వే తెచ్చుకో."

నవ్వుకున్న. ఎగతాళో ఏందో తెల్వదు. ఏదైనా సరే, ఏప్రిల్ ఎండ మాకు కొదువనా.

ఏప్రిల్ 25

బావ సెలవు పెట్టిండు. అద్దం మోసెటోడు కావాలె గద. ట్యూబులను పాతచీరల చుట్టి టిఫిన్ డబ్బల పెట్టిన. రేపు పొద్దున ప్యాసింజరు.

యూసుఫ్ భాయ్ వాకిట్లకు వచ్చి "అక్కడ గూడ సున్నా అయితె నాకు చెప్పు బేటీ" అన్నడు.

ఏప్రిల్ 26

సారు డిపార్టుమెంటు వరండల బెంచి మీద కూసోని రాస్తున్న. చెయ్యి ఊరికె ఉండలేక.

పదకొండింటికి మొదలు. సారు లోపలికి పోతుంటె అడ్డం నిలబడ్డ. "ఇరవై నిమిషాలు కండ్లు మూసుకొని కూసోవాలె సార్. అప్పుడే చూడాలె."

"ఇరవై నిమిషాలా? నాకు క్లాసుందమ్మా."

"మా బాయిల అందరు కూసుంటరు సార్. కూసోనోన్ని ముందుకు పోనియ్యరు."

బావ అద్దం పట్టుకొని ఎనుక నిలబడి ఉన్నడు. సారు ఆయన దిక్కు చూసిండు. బావ అవునన్నట్టు తల ఊపిండు. సారు చేతి గడియారం తీసి జేబుల పెట్టుకొని లోపలికి పోయిండు.

రెండు ట్యూబులూ ఆయన చేతికే ఇచ్చిన. ఏది ఏదో నాకు కూడ తెల్వదు, కావాలనే పొద్దున రైల్ల బావ చేత తారుమారు చేయించిన, బావ కూడ చూడకుండ చేసిండు. సారు రెండూ పెట్టి చూసి, కాగితం మీద రాసి, అప్పుడు నల్లకాగితం చింపి గుర్తు చూడాలె. నేను ఒక్క మాట చెప్పను ఈసారి.

బావ ఎండల నిలబడి ఉన్నడు, సూర్యుడు జరిగినకొద్ది అద్దం జరుపుకుంట. చెమట కారుతున్నది, తుడుచుకుంటె అద్దం కదులుతదని తుడుచుకుంట లేడు.

క్లాసు గంట కొట్టిన్రు. పిల్లలు వరండల నుంచి పోయి ఖాళీ గది చూసి తిరిగొచ్చిన్రు. తలుపు దిక్కు చూస్తున్నరు.

లోపల దగ్గు వినబడ్డది. తర్వాత ట్యూబు బల్ల మీద పెట్టిన చప్పుడు, మెల్లగ. మళ్ళ ఇంకో ట్యూబు తీసిన చప్పుడు. మళ్ళ మొదటిది అనుకుంట.

పోయినసారి రెండు నిమిషాలకు లేచిండు. ఇప్పటికి నలభై అయింది, కండ్లు మూసుకున్న ఇరవై తీసేసినా ఇంకో ఇరవై. ఇంక లేవలేదు.